కప్పుల లెక్క చెప్పకండి

“యో, తప్పు చేశాడో లేదో దేవుడికెరుక. ఆయన లేకపోతే ఈ పిల్లకాయలకి గ్రౌండంటే ఏందో తెలిసుండేదా?”

తోటపల్లి గూడూరు సెంటర్లో పొద్దున్నే ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో పేపరు పట్టుకున్న పెద్దమనుషుల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. 2021లో మద్రాసులో పేరుమోసిన అథ్లెటిక్స్ కోచ్ పోక్సో కేసులో అరెస్టయినప్పుడు విన్నాను. 2022లో మన దేశపు అండర్-17 బాలికల ఫుట్‌బాల్ జట్టు యూరప్ పర్యటనలో ఉండగా సహాయ కోచ్‌ను వెనక్కి రప్పించి ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు విన్నాను. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ మహిళల క్రికెట్ జట్టు హెడ్‌కోచ్ టీమ్ బస్సులోనే మద్యం తాగాడన్న ఆరోపణ వచ్చి, హెచ్‌సీఏ ఆయన్ను సస్పెండ్ చేసినప్పుడూ విన్నాను. ఆయన ఆ ఆరోపణను ఖండించాడు, అది వేరే సంగతి. ఆట మారుతుంది, ఊరు మారుతుంది, ఫొటో మారుతుంది. టీకొట్టు దగ్గరి మాట మాత్రం అచ్చు పోసినట్టు అదే.

ఆ మాట వెనక ఒక వాదన ఉంది. దాన్ని వంకర తిప్పకుండా ముందు చెబుతాను. మా కోస్తా పల్లెల్లో ఆటకి దిక్కెవరు? వరి మడి, రొయ్యల గుంట, సముద్రం, ఈ మూడింటి మధ్య కాస్త ఖాళీ జాగా దొరికితే రెండు గుంజలు పాతి వాలీబాల్ నెట్టు కట్టింది కోచే. తెల్లారి ఐదింటికి విజిల్ ఊదింది ఆయనే. బూట్లు లేని పిల్లకి జీతం డబ్బుల్లోంచి బూట్లు కొన్నదీ, “ఆడబిడ్డకి ఆటలేంది” అన్న తండ్రి పక్కన కూర్చుని బతిమాలిందీ ఆయనే. ఒక్క ఆరోపణతో అంత చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు కావాల్నా? ఆయన చేతికింద ఆడి పోలీసులైనవాళ్లు, పీఈటీలైనవాళ్లు ఆయన దేవుడని చెబుతున్నారు గదా. తన కిందివాడి తప్పు తెలిసినా పైవాళ్లకి చెప్పాడు, అంతకుమించి ఏం చేస్తాడు? నిజంగా జరిగుంటే ఆ పిల్ల ఇన్నేళ్లు నోరెందుకు మూసుకుంది? గురువుని గౌరవించడం మన సంస్కారం. కోర్టు తేల్చకముందే మనమెవరం తేల్చడానికి? ఇట్లాంటివి రచ్చకీడిస్తే రేపు ఏ తండ్రీ కూతుర్ని గ్రౌండుకి పంపడు.

ఇంతకంటే గట్టిగా ఆ పక్షం తరఫున మాట్లాడటం నా చేత కాదు. ఇందులో నిలబడే ముక్క ఒకటుంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను. మిగతావన్నీ పేలపిండి.

1. “కప్పులు తెచ్చాడు గదా”

సహకార సొసైటీలో గుమాస్తా ముప్పై ఏళ్లు వడ్లు సరిగ్గా తూచాడు. ముప్పై ఒకటో ఏడు మూటలు మాయమయ్యాయి. అప్పుడు మనమేం చేస్తాం? ముప్పై ఏళ్ల మంచి తూకంలోంచి ఈ మూటల్ని తీసేసి, “ఇంకా ఆయనకే మనం బాకీ” అంటామా? పుస్తకాలు తెప్పిస్తాం. పాత ఏళ్ల లెక్కలు కూడా తిరగేస్తాం. వడ్లకి ఉన్నపాటి విలువ పిల్లలకి లేదా అని అడిగితే నాకు కోపమెక్కువని అంటారు. అననీ.

ఈ జమాఖర్చు లెక్కలో మొదటి దొంగతనం జమ వైపే ఉంది. కప్పు ఎవరిది? మోకాళ్లు కొట్టుకుపోయేలా డైవ్ చేసిన పిల్లది. కోచ్ పాత్ర ఉంది, కాదనను. కానీ గోడమీద బోర్డులో గెలిచినవాళ్ల పేర్లే ఉంటాయి. రెండో నెల్లో ఏ కారణమూ చెప్పకుండా మానేసిన పిల్లల పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు. “దానికి ఓపిక లేదు, మానేసింది” అని మనమే ఒక కారణం అల్లి పెట్టేసి ఉంటాం. మిగిలినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి ఆయన శిక్షణ గొప్పదనడం, ఒడ్డుకొచ్చిన పడవల్ని మాత్రమే చూసి సముద్రంలో గాలే లేదన్నట్టు ఉంటుంది. ఈ సంగతి కోడూరు పాలెంలో ఎవరినడిగినా చెబుతారు.

అంకెల పూజ ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే అమెరికాకి వెళ్లాలి. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పెన్ స్టేట్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం చూసిన కళ్లకి అది ఊహకందదు. ఆ జట్టుకి జో పటర్నో 1966 నుంచి 2011 దాకా 46 సీజన్లు హెడ్‌కోచ్. 409 విజయాలు. బతికుండగానే స్టేడియం బయట కంచు విగ్రహం. పిల్లల చదువుల్ని పట్టించుకున్నాడు, లైబ్రరీకి డబ్బిచ్చాడు. మన టీకొట్టు భాషలో చెప్పాలంటే బో మంచోడు.

2011 నవంబరు 5న ఆయన దగ్గర ఏళ్ల తరబడి సహాయ కోచ్‌గా పనిచేసిన జెర్రీ శాండస్కీ అరెస్టయ్యాడు. ఆరోపణ చిన్నపిల్లల మీద లైంగిక దాడి. నాలుగు రోజులకి యూనివర్సిటీ ట్రస్టీలు పటర్నోని తీసేశారు. ఆ రాత్రి వేలమంది విద్యార్థులు వీధుల్లోకొచ్చి టీవీ వాళ్ల వ్యానును తిరగేశారు. ఎవరి కోసం? దెబ్బతిన్న పిల్లల కోసం కాదు. కోచ్ కోసం. 2012 జూన్‌లో శాండస్కీ మీద మోపిన 48 అభియోగాల్లో 45 రుజువయ్యాయి. అక్టోబరులో 30 నుంచి 60 ఏళ్ల జైలు పడింది. అంతకుముందు జులైలోనే కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ యూనివర్సిటీకి 6 కోట్ల డాలర్ల జరిమానా వేసి, 1998 నుంచి వచ్చిన విజయాలు కొట్టేసింది. పటర్నో లెక్కలో 111 పోయాయి. ఆ 111 కోసం కోర్టులదాకా పోయారు. 2015 జనవరిలో వాటిని తిరిగి తెచ్చుకున్నారు. అంకె మళ్లీ 409.

తెచ్చుకుని ఏం చేశారు? ఆ అంకె ఏ పిల్లవాడికి ఏ ప్రశ్నకి జవాబయ్యింది? మైదానంలో గెలిచారన్న మాట ముందు నుంచీ నిజమే, ఎవరూ కాదన్లేదు. అడిగింది అది కాదు.

2. “నన్నయితే ఎప్పుడూ ఏమీ అన్లేదే”

ఇది అబద్ధమని నేననను. చెప్పేవాళ్లు నిజమే చెబుతుంటారు. అదే అసలు చిక్కు. దొంగ పది ఇళ్లలో పడితే, పదకొండో ఇంటివాడు “మా ఇంట్లో పోలేదు” అనడం దొంగకి సాక్ష్యమా?

శాండస్కీ 1977లో దిక్కులేని పిల్లల కోసం ‘ది సెకండ్ మైల్’ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టాడు. దాంతో బాగుపడ్డ పిల్లలు నిజంగానే ఉన్నారు. అతను చెరిచిన పిల్లలు దొరికిందీ ఆ సంస్థలోనే. మంచి పేరు అతని నేరానికి ఎదురుసాక్ష్యం కాలేదు, పనిముట్టు అయింది. తండ్రి అడ్డుచెప్పకుండా పంపడానికి, పిల్ల చెప్పినా ఊరు నమ్మకపోవడానికి మంచి పేరుకి మించింది ఏముంది? ఎవరూ లేని, డబ్బు లేని, తిరిగి అడిగే మామ లేని పిల్లని ఎంచుకునేవాడు, ఎమ్మార్వో కూతురితో మర్యాదగానే ఉంటాడు. ఆ ఎమ్మార్వో వచ్చి మంచివాడని చెబితే నాకు తెలిసేదల్లా ఆ కోచ్‌కి మనిషిని చూసి మసలడం తెలుసని.

3. “పైవాళ్లకి చెప్పాడు, ఇంకేం చేస్తాడు?”

2001లో ఒక యువ కోచ్ లాకర్‌రూమ్ షవర్ దగ్గర శాండస్కీని ఒక పిల్లవాడితో చూసి, మర్నాడే పటర్నో ఇంటికెళ్లి చెప్పాడు. పటర్నో ఆ మాట క్రీడా విభాగం డైరెక్టర్‌కి చేరవేశాడు. పోలీసులదాకా ఎవరూ పోలేదు. మరో పదేళ్లు శాండస్కీ బయటే తిరిగాడు. ఆ రాష్ట్రపు చట్టం ప్రకారం పటర్నో చేయాల్సింది చేశాడని ప్రాసిక్యూషనే చెప్పింది. యూనివర్సిటీ పెట్టుకున్న విచారణలో 2012 జులైలో ఫ్రీ అనే ఆయన ఇచ్చిన నివేదిక మాత్రం, పెద్దలంతా కలిసి దాచారంది. పటర్నో కుటుంబం ఆ నివేదికను ఒప్పుకోలేదు. ఈ తగువు నేను తీర్చలేను. తాను ఇంకా ఏమైనా చేసి ఉండాల్సిందని చనిపోయే ముందు పటర్నోనే ఒప్పుకున్నాడు కాబట్టి, ఆయన భక్తులు ఆయన కంటే ఎక్కువ మాట్లాడనక్కర్లేదు.

మనకైతే ఈ సందు కూడా లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాడే కాదు, జరగబోతుందేమోనని భయమున్నవాడు కూడా పోలీసులకే చెప్పాలి. సెక్రటరీకో, ప్రిన్సిపాల్‌కో చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థకి పెద్దగా ఉన్నవాడైతే ఏడాది దాకా. “మాలో మేం మాట్లాడుకుని సర్దుకుంటాం” అనే పెద్దమనుషుల పంచాయతీ మన దగ్గర సర్దుబాటు కాదు, నేరం. ఈ ఒక్క ముక్క టీకొట్టు గోడమీద రాసిపెట్టాలి.

4. “ఇన్నేళ్లు నోరెందుకు మెదపలేదు?”

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే అడిగేవాళ్లు దీన్ని బ్రహ్మాస్త్రం అనుకుంటారు. అడిగిన ప్రతిసారీ వాళ్లే దానికి జవాబు కూడా.

పాలెంలోంచి ఒక పిల్ల స్పోర్ట్స్ హాస్టల్‌కి పోయిందనుకోండి. ఆమెకి మంచం ఇచ్చేది కోచ్. పొద్దున్న పాలు, గుడ్డు ఇప్పించేది కోచ్. జిల్లా జట్టులో పేరు రాసేది, రాష్ట్ర పోటీలకి రైలెక్కించేది, రాత్రి ఏ గదిలో ఎవరు పడుకోవాలో చెప్పేది, దెబ్బ తగిలితే ఆడొచ్చో లేదో తేల్చేది, ఇంటికి ఫోన్ చేయడానికి ఫోన్ ఇచ్చేది, అన్నీ కోచే. కడపటికి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే అసోసియేషన్ పెద్దలు ఆయన స్నేహితులు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచిదే. దాంతోపాటు ఆ కాగితం బరువూ పెరిగింది, కాగితాన్ని పట్టుకున్న చేయి బలమూ పెరిగింది. తండ్రి వల మీద అప్పు, అక్క పెళ్లి, తన ఉద్యోగం అంతా ఆ ఒక్క మనిషి మూడ్ మీద వేలాడుతుంటే, పదిహేనేళ్ల పిల్ల ఏ నోటితో చెబుతుంది? ఎవరికి చెబుతుంది? ఆయన్ని దేవుడంటున్న మీకా?

చిన్నపిల్లల్ని వదిలేయండి. కర్ణం మల్లీశ్వరి సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి పల్లెలో మొదలై, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి, ఈ దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ అయింది. జూనియర్ లిఫ్టర్లను ఒక కోచ్ వేధిస్తున్నాడని ఆమె గట్టిగా బయటికి చెప్పింది 2010 ప్రాంతంలో. స్పోర్ట్స్ అథారిటీ ఆ కోచ్‌ను సస్పెండ్ చేసింది. గమనించాల్సింది ఏమిటంటే, అప్పటికి ఆమె ఆట మానేసింది. ఏ సెలక్షన్ లిస్టులోనూ ఆమె పేరు కొట్టేసే అవకాశం ఎవరికీ లేదు. ఆమె తర్వాత బరువులెత్తుతున్న పిల్లలకి ఆ వెసులుబాటు లేదు, కాబట్టే వాళ్ల తరఫున ఆమె మాట్లాడాల్సి వచ్చింది. ఇంకో పదమూడేళ్లకి, 2023లో, సమాఖ్య అధ్యక్షుడి మీద ఫిర్యాదుతో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర పేవ్‌మెంటు మీద కూర్చున్న కుస్తీ పిల్లల్లో ఒలింపిక్ పతకం గెలిచినామె ఉంది, ప్రపంచ పోటీల్లో పతకాలు గెలిచినామె ఉంది. మే 28న వాళ్లనే పోలీసులు ఈడ్చుకుపోయారు. పతకాలున్నవాళ్ల గతే అది. పతకం ఇంకా రాని పిల్ల మాట్లాడలేదేమని అడుగుతున్నారు మీరు.

2020 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సమాచార హక్కు కింద తీసి రాసిన లెక్క ఇది. అంతకుముందు పదేళ్లలో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకి అందిన లైంగిక వేధింపుల ఫిర్యాదులు 45. వాటిలో 29 కోచ్‌ల మీదే. తేలినవాటిలో కూడా శిక్షలు చాలాచోట్ల బదిలీ, జీతంలో కోత, పింఛనులో కోత. అంత పెద్ద దేశంలో పదేళ్లకి 45 మాత్రమేనా అని సంతోషపడేవాళ్లు ఉంటారు. బయటికి రానివి ఇంకా ఎక్కువ ఉండొచ్చని 2019లో పార్లమెంటు మహిళా సాధికారత సంఘమే అనుమానపడింది. అయినా ఆ శిక్షలు చూశాక కూడా ఆ 45 ఫిర్యాదులు చేసినవాళ్ల ధైర్యానికి నేను ఆశ్చర్యపోతాను.

బదిలీ అంటే ఏమిటో కూడా ఆలోచించండి. ఈ హాస్టల్ పిల్లల దగ్గర్నుంచి ఇంకో హాస్టల్ పిల్లల దగ్గరికి పంపడం. కొత్త ఊళ్లో ఆయన పాత పేరు ముందే చేరుకుంటుంది, పాత ఫిర్యాదు చేరదు.

పెన్ స్టేట్ విచారణలో నన్ను బాగా పట్టుకున్నది పటర్నో కథ కాదు, పారిశుధ్య పనివాళ్ల కథ. 2000లో, అంటే ఆ యువ కోచ్ చూడ్డానికి ముందే, స్నానాల గదులు కడిగే ఒక మనిషి శాండస్కీ చేసింది కళ్లారా చూశాడు. తోటివాళ్లకి చెప్పి వణికిపోయాడు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేస్తే తమనే ఉద్యోగంలోంచి తీసేస్తారని, ఆ యూనివర్సిటీని నడిపేదే ఫుట్‌బాలని, ఆ కోచ్‌ల మీద మాట్లాడటం దేశాధ్యక్షుడి మీద మాట్లాడినట్టేనని వాళ్లు అనుకున్నారట. వాళ్లను పటర్నో ఎన్నడూ బెదిరించలేదు. బెదిరించాల్సిన పని ఆయనకి రాలేదు, ఊరే ఆ పని చేసిపెట్టింది. పాటలు కట్టి, టీషర్టులమీద బొమ్మ వేసి, చీపురు పట్టుకున్న మనిషి నోరు మూసేసింది. అక్కడ ఒక్క ఫోన్ కాల్ పోయుంటే తర్వాతి పిల్లల్లో ఎంతమంది మిగిలేవారో.

మనం టీ తాగుతూ “ఆయన అట్లాంటోడు కాదు” అన్నప్పుడు ఆ మాట జైల్లో ఉన్న కోచ్‌కి వినపడదు. పక్కనే బస్సు కోసం బ్యాగు తగిలించుకుని నిలబడ్డ పిల్లకి వినపడుతుంది. రేపు తనకేదైనా జరిగితే ఈ ఊరు ఏమంటుందో ఆమెకి ఇవాళే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఇన్నేళ్లు ఎందుకు మాట్లాడలేదని అదే బెంచీమీద కూర్చుని అడుగుతాం.

5. “గురువంటే దైవం, అది మన సంస్కారం”

సంస్కారం మాట ఎత్తారు కాబట్టి పురాణంలోనే మాట్లాడుకుందాం. మన దేశంలో మేటి కోచ్‌లకి 1985 నుంచి ఇస్తున్న అవార్డు పేరు ద్రోణాచార్య. ఒక్క పాఠం చెప్పకుండానే అడవిపిల్లవాడి కుడిచేతి బొటనవేలు దక్షిణగా పుచ్చుకున్న గురువు పేరు. ఎందుకు? తన ముద్దుల శిష్యుడికి పోటీ రాకుండా. ఈ రోజుల్లో దాన్ని సెలక్షన్‌లో పక్షపాతం అంటారు. పేరు మార్చమని ఉద్యమం చేసే ఓపిక నాకు లేదు. కానీ ఆ పేరు పెట్టిన గదిలో ఒక్కరికీ ఏకలవ్యుడు గుర్తుకు రాలేదంటే, మన గురుభక్తిలో శిష్యుడి చేయి ఎప్పుడూ లెక్కలోకి రాదని నాకర్థమవుతుంది.

సరే, గురువు గొప్పతనాన్ని బట్టే పూజ చేస్తున్నామా? అయితే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ బడిపంతులు. 1950 నుంచి 1963లో క్యాన్సర్‌తో పోయేదాకా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏ కోచూ మన ఫుట్‌బాల్‌ను అక్కడిదాకా తీసుకెళ్లలేదు. చివరికి 2024లో హిందీ సినిమావాళ్లు ‘మైదాన్’ తీస్తే గానీ మనకు ఆయన గుర్తుకు రాలేదు. తెలుగు నేల మీద ఆయనకంటే గొప్ప ఫుట్‌బాల్ కోచ్ లేడు, ఆయనకి మన ఊళ్లలో ఒక్క ఫ్లెక్సీ కూడా లేదు. ఎందుకంటే రహీం మన పిల్లని ఇవాళ జట్టులోకి తీసుకోలేడు, తీసేయలేడు. మనం దండ వేసేది గొప్పతనానికి అనుకుంటున్నాం. మన పిల్ల పేరు రాసే చేతికి వేస్తున్నాం. దాన్ని భక్తి అనడం భక్తికే అవమానం.

నిజమైన గౌరవం ఎట్లా ఉంటుందో కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2014లో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ పుల్లెల గోపీచంద్‌ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. గురుద్రోహమన్నవాళ్లు అన్నారు. మరుసటి ఏడాదే ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో తిరిగి గోపీచంద్ దగ్గరికే వచ్చింది. సింధు రియోలో గోపీచంద్ శిష్యురాలిగా వెండి గెలిచి, టోక్యోలో కొరియా కోచ్ పార్క్ టే సాంగ్‌తో కంచు గెలిచింది. ఆకాశం విరిగి పడలేదు. గోపీచంద్ అకాడమీ మూతపడలేదు, ఆయన పేరూ తగ్గలేదు. శిష్యురాలు వెళ్లిపోగలిగినా గురువు గురువుగానే మిగిలాడు. వెళ్లిపోయే దారి ఉన్నచోట గౌరవం ఎంతో తెలుస్తుంది. హాస్టల్ పిల్లకి ఆ దారి లేదు, కాబట్టి ఆమె పాదాలకి దండం పెట్టడాన్ని చూసి ఏమీ తేల్చలేం.

6. “రచ్చ చేస్తే ఆడపిల్లల్ని పంపరు”

పంపకుండా ఆపేది రచ్చ కాదు. రచ్చ జరిగాక ఏమీ జరగకపోవడం ఆపుతుంది. మద్రాసు కేసునే చూడండి. ఒక అమ్మాయి ఫిర్యాదు చేశాక, ఇంకో ఏడుగురు ముందుకొచ్చారు. మొదటి ఫిర్యాదు తీసుకున్నారు కాబట్టి వచ్చారు. నెల్లూరుకి మద్రాసు మూడు గంటల దూరం, మన పిల్లలు అక్కడికి ఆటకీ చదువుకీ పోతూనే ఉన్నారు. ఆ అరెస్టుతో ఎవరూ పెట్టెలు సర్దుకుని వెనక్కి రాలేదు.

పైగా ఈ బెదిరింపు ఎవర్ని శిక్షిస్తుందో చూశారా? తప్పు మగ కోచ్ మీదకొచ్చింది, ఇంట్లో కూర్చోమన్నది ఆడపిల్లని. 2022లో ఒక సైక్లింగ్ కోచ్ మీద ఫిర్యాదు వచ్చాక, మహిళా క్రీడాకారులున్న ప్రతి బృందంతోనూ మహిళా కోచ్ వెళ్లాలని స్పోర్ట్స్ అథారిటీ సమాఖ్యలకి ఆదేశమిచ్చింది. పిల్లని ఆపకుండా మార్చగలిగినవి అట్లాంటివి ఇంకా చాలా ఉన్నాయి. వాటి గురించి సెంటర్లో ఎవరూ మాట్లాడరు, దానికి పేపర్లో ఫొటో రాదు మరి.

7. “కోర్టు తేల్చనీ”

మొదట్లో చెప్పిన నిలబడే ముక్క ఇదే. ఆరోపణ రుజువు కాదు. తప్పుడు ఫిర్యాదులు ఉంటాయి. అసోసియేషన్లలో కుర్చీల కోసం ఒకరిమీద ఒకరు బురద చల్లుకోవడం నేనూ చూశాను. పేరు పేపర్లో పడ్డ మనిషి నిర్దోషని ఆరేళ్లకి తేలితే, ఆ ఆరేళ్లు ఎవరూ తిరిగివ్వరు. అందుకే ఈ వ్యాసంలో మన దేశంలో ఆరోపణ ఎదుర్కొని తీర్పు రాని ఏ కోచ్ పేరూ రాయలేదు.

కానీ ఆగమనేవాళ్లు తాము ఆగుతున్నారా? ఫిర్యాదు చేసిన పిల్ల కులమేమిటి, ఆమె వెనక ఎవరున్నారు, ఫోన్‌లో ఎవరితో మాట్లాడేది, ఇవన్నీ సాయంత్రానికి తేల్చేస్తారు. కోచ్ నిర్దోషని కూడా తేల్చేస్తారు. తీర్పు వాయిదా వేయాలంటే రెండువైపులా వేయాలి. దండ కూడా వాయిదా వేయాలి. “తేలేదాకా నాకు తెలియదు” అనడం నిష్పక్షపాతం. “తేలేదాకా ఆయన దేవుడే” అనడం ఒక పక్షం.

తేల్చే దారి కూడా చట్టంలోనే ఉంది. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ‘పనిచోటు’లోకి స్టేడియాన్నీ, క్రీడా సంస్థనీ, పోటీలు జరిగే స్థలాన్నీ పేరుపెట్టి చేర్చింది. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. పదిమంది లేదా అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు కావాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలకి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. విచారణ నడిచేటప్పుడు ఫిర్యాదిని గానీ, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని గానీ వేరే చోటికి మార్చమని కమిటీ సిఫారసు చేయొచ్చు. అది శిక్ష కాదు. కావాలని అబద్ధం చెబితే చర్య ఉంది, రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధం కిందికి రాదనీ అదే చట్టం చెబుతుంది. పేర్లు బయటపెట్టకూడదనీ చెబుతుంది. అమాయకుడైన కోచ్‌కి కూడా ఇంతకుమించిన రక్షణ లేదు. ఊరి అభిమానం ఆయన్ని కాపాడదు, మర్నాడు ఇంకొకరి మీదికి మళ్లుతుంది. రాతపూర్వకంగా, గడువులోపల, బయటి మనిషి కూర్చున్న విచారణలో తేలిన నిర్దోషిత్వమే ఆయనకి మిగిలేది.

పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊళ్లో ఒక గోడమీద మైకేల్ పిలాటో అనే చిత్రకారుడు ఆ ఊరి ప్రముఖుల్ని వరసగా బొమ్మ గీశాడు. అరెస్టు తర్వాత శాండస్కీ బొమ్మను చెరిపేశాడు. 2012 జనవరిలో పటర్నో చనిపోతే, ఆయన తలచుట్టూ కాంతిచక్రం గీశాడు. జులైలో ఫ్రీ నివేదిక వచ్చాక మళ్లీ రంగుడబ్బా పట్టుకుని వచ్చి ఆ చక్రాన్ని పూసేశాడు. పటర్నో బొమ్మను మాత్రం అక్కడే ఉంచాడు. కోచ్‌ను ఊరి చరిత్రలోంచి తుడిచేయమని నేనూ అనడం లేదు. ఆయన నేర్పిన సర్వీసులు, స్మాష్‌లు ఆ పిల్లల చేతుల్లో ఉన్నాయి, ఉండనీ.

తోటపల్లి గూడూరులోనైనా, నెల్లూరులోనైనా నేను కోరేది చిన్న పని. సెలక్షన్ లిస్టు అంటించే బోర్డుంటుంది గదా, పిల్లలూ తల్లులూ తమ పేరు ఉందో లేదోనని మునివేళ్ల మీద లేచి చూసే బోర్డు. ఆ బోర్డు మీదే, లిస్టు పక్కనే, కమిటీ సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ, చిన్నపిల్లల హెల్ప్‌లైన్ 1098, కళ్లకి ఆనేంత పెద్ద అక్షరాలతో రాయించండి. కోచ్ తాళంచెవి ఉన్న గదిలోపలి గోడమీద మాత్రం వద్దు.